అవ్వ చెప్పిన కొరియా పాఠం

కొరియా కంపెనీలో ఉద్యోగం వచ్చిందని, కర్నూలు నుంచి కడప పోయే బస్సులో ఫోన్ చూస్తూ కొరియా భాష వల్లిస్తున్నా. "ఇగొసున్ సాగ్వాయెయో." పక్కసీటు అవ్వ నావైపు తిరిగింది.

"ఏమంటాండావమ్మా?"

"ఇది ఆపిల్ పండు అని, అవ్వా."

"పండు ఎదురుగా ఉంటే మళ్లా చెప్పేదెందుకు? మనిషి కనపడితే అన్నం తిన్యావా అని గదా అడగాల!"

పాఠాలన్నీ దాటేసి ఆ మాట వెతికి వినిపించా: "పాప్ మొగొస్సొయో?"

"ఇంగ బతుకుతావు పో," అంది అవ్వ.

ఉద్యోగంలో చేరిన రోజు మధ్యాహ్నం మా కొరియా మేనేజరును అదే అడిగా. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆనియో," తినలేదన్నాడు.

తర్వాతి వాక్యం నాకు రాదు. తినలేదన్న మనిషిని ఊరికే వదిలేదెట్లా? నేను తెచ్చుకున్న బొరుగుల ఉగ్గాని డబ్బా ఆయన ముందు పెట్టేశా. ఒక్క బొరుగు మిగల్చకుండా తిన్నాడు.

ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని అవ్వను తలచుకున్నా, మొక్కాలో తిట్టాలో తెలియక.