వెండితెరకు అవ్వ హారతి

మొన్న శనివారం మా అమ్మాయిని తీసుకుని డర్బన్‌లో సినిమాకి వెళ్తే, మాల్ మెట్లెక్కుతుండగానే వెన్న వేసిన పాప్‌కార్న్ వాసన గుప్పున తగిలి, ఉన్నపళంగా తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను. ఆ వాసన అడుగున నాకెప్పుడూ కాస్త కర్పూరం కూడా ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే అవ్వ గురించి చెప్పాలి.

సొంత అవ్వ కాదు. ఈ దేశంలో అందరికీ ఓటొచ్చిన కొత్తల్లో నాన్నకి ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరుద్యోగం దొరికి, రాజమండ్రి నుంచి వచ్చి ఆషర్‌విల్‌లో ఆవిడ ఇంటి వెనక వాటాలో దిగాం. ఆవిడ తాతలు చెరుకు తోటల్లో పనికని ఓడెక్కి వచ్చినవాళ్లు. ఇంట్లో అంతా ఇంగ్లీషే. తెలుగు దేవుడికీ, వంటకీ, తిట్లకీ మిగిలింది. నా కోసం మాత్రం వెతుక్కుని వెతుక్కుని తెలుగు మాటలు తెచ్చేది. డిసెంబరు ఉక్కపోతకి ఒళ్లంతా జిడ్డు కారుతుంటే, వరండాలో కూర్చుని పచ్చిమామిడి ముక్కలకి ఉప్పూకారం అద్ది నా చేతిలో పెడుతూ వాళ్ల సినిమా హాలు కథ చెప్పేది.

ఒకప్పుడు ఊళ్లో పెద్ద కంపెనీ హాళ్లు తెల్లవాళ్లకే, మనవాళ్లని రానిచ్చేవారు కాదట. అయితే మనమే కట్టుకుందామని అవ్వ భర్తా, ఆయన అన్నదమ్ములూ పూనుకుని కట్టిన హాలు అది. అబ్బో, ఏం హాలు! గోడల మీద సున్నపు నెమళ్లు, ఎర్ర ముఖమల్ తెర, వేయించిన వేరుశనక్కాయల వాసన, రొట్టెని తొలిచి అందులో మాంసం కూర నింపిన బన్నీ చావ్ వాసన, పెళ్లికొచ్చినట్టు పట్టుచీరల్లో ఆడవాళ్లు. తెలుగు బొమ్మ వేస్తే సగంమందికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఏడవాల్సిన చోట తప్పకుండా ఏడ్చేవారు. శుక్రవారం మొదటాటకి ముందు అవ్వ ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించి ఆ ఎర్ర తెరకి హారతిచ్చేది. హాలంతా లేచి నిలబడి దూరం నుంచే కళ్లకద్దుకునేది. ఆ తర్వాతే తెర లేచేది. చెప్పొద్దూ, వింటుంటేనే నాకు ఒళ్లు గగుర్పొడిచేది.

విచిత్రమేమిటంటే, అందరికీ తలుపులు తెరుచుకోవడమే ఆ హాలు కొంప ముంచింది. కంపెనీ హాళ్లలోకి ఎవరైనా పోవచ్చన్నాక జనం అటే పోయారు. పైగా ఆ కంపెనీ కొత్త మాల్‌లో ఒకే కప్పు కింద ఎనిమిది హాళ్లు తెరిచింది. అమ్మతో వెళ్లి చూసి నోరు వెళ్లబెట్టాను: వాటంతటవే కదిలే మెట్లు, గాజు పెట్టెలో టపటపా పేలే మొక్కజొన్న గింజలు, పక్కటెముకల్ని వణికించే మోత! ఏడాది తిరిగేసరికి అవ్వావాళ్ల హాలు సోఫాలమ్మే దుకాణమైంది. శుక్రవారాలు మన బొమ్మలు కూడా వేస్తామని కంపెనీ ప్రకటించింది గానీ అవ్వ ససేమిరా అంది.

"ఏటే పాపా, దీపం సూపించకుండా బొమ్మ ఏసేత్తారా? నాను రాను, పో!"

శుక్రవారం సాయంత్రం అలవాటుగా పట్టుచీర కట్టుకుని, ఎక్కడికీ వెళ్లకుండా వరండాలో కూర్చునేది. చూస్తే ఏడుపొచ్చేది నాకు. అవ్వ ఇంక ఈ జన్మలో బొమ్మ చూడదేమోనని ఒకటే బెంగ.

కాళ్లావేళ్లా పడగా పడగా చివరికి ఒక శుక్రవారం బయల్దేరింది. సంచీలో పళ్లెం, కర్పూరం ఉన్నాయని మాకెవరికీ చెప్పలేదు. దీపాలారగానే తిన్నగా ముందుకెళ్లి హారతి వెలిగించింది. జనం గబగబా లేచి నిలబడ్డారు. అంతలో పొగకి అలారం గుండెలవిసేలా మోగింది! అందర్నీ కార్లు నిలిపే చోటికి తోలేశారు. అమ్మ సిగ్గుతో చచ్చిపోతోంది. అవ్వ మాత్రం పళ్లెం గుండెకి ఆనించుకుని నిటారుగా నిలబడింది. పరుగెత్తుకొచ్చిన మేనేజరు ఒక జూలూ అమ్మాయి, ఆ కుర్చీలో కొత్తగా కూర్చున్న మనిషి. ముందు వెలుగుకి దండం, తర్వాతే బొమ్మ అని అవ్వ ఇంగ్లీషులో చెబుతుంటే సాంతం విన్నది.

"మా అవ్వ కూడా పోయిన పెద్దలకి ఇంపెఫో ఆకు పొగ వెయ్యందే ఏ పనీ మొదలెట్టదు గోగో," అంది, జూలూలో అవ్వని పిలిచినట్టే పిలిచి. "కానీ లోపల మంట వద్దు. నా ఉద్యోగం పోతుంది."

మళ్లీ లోపలికెళ్లాం. చిట్టచివరి వరసలో అవ్వ పక్కనే కూర్చుని, లేచి వెళ్లిపోతుందేమోనని చీర కొంగు పట్టుకున్నాను. దీపాలారాయి. మా వెనక చిన్న కిటికీలోంచి తెల్లటి వెలుగు మా తలల మీదుగా సాగింది. దానికేసి అవ్వ కాసేపు చూసింది. మెల్లిగా లేచి, రెండు చేతులూ ఆ వెలుగులో పెట్టి కళ్లకద్దుకుంది.

"ఇదేనే పాపా, ఆరతి."

తెర మీద గాజులతో సహా రెండు పెద్ద చేతులు! ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఒకరి తర్వాత ఒకరు మెట్లెక్కి మా వరసలోకొచ్చి చేతులు చాపారు. తెరంతా చేతులే. కూర్చోండని ఒక్కరూ అరవలేదు. అవ్వ నన్ను సీటు మీదికెక్కించింది. నా చెయ్యి ఇల్లంత! తలుపు దగ్గర నిలబడ్డ మేనేజరు కూడా వచ్చి చెయ్యి పెట్టింది. అప్పుడు అవ్వ కూర్చుని, బొమ్మ ఆఖరిదాకా చూసి, హాయిగా ఏడ్చింది.

అవ్వ ఉన్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం అదే తంతు. ఆవిడ పోయాక కంపెనీని ఇంకో కంపెనీ కొంది, దాన్ని మరొకటి. బోర్డు మీద పేర్లు మారాయి, శుక్రవారం ఆటలు పోయాయి, మేనేజరు ఎక్కడుందో తెలీదు.

మొన్న అదే హాల్లో, అదే చివరి వరసలో, దీపాలారగానే లేచి చెయ్యి చాపాను. "కూర్చోమ్మా, అందరూ చూస్తున్నారు," అని మా అమ్మాయి నా చొక్కా లాగింది. హాలు మళ్లీ కట్టినప్పుడు కిటికీని పైకప్పు దగ్గరికి జరిపారు. మునివేళ్ల మీద లేచినా వెలుగు నా చేతికి అందలేదు. చీకటినే కళ్లకద్దుకుని కూర్చున్నాను.