అన్నయ్య విండోస్

దయ్యాలు లేవని నేను ఇప్పటికీ అంటాను. ఈ మాట ముందే చెప్పకపోతే, చివరికి వచ్చేసరికి "పాపం, ఈవిడ కూడా మారిపోయింది" అనుకుంటారు. నేను మారలేదు. నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతాను. ఇల్లు జగ్గయ్యపేటలో. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. వీధిలో ఎవరికో గాలి సోకిందని అందరూ పరిగెడుతుంటే, తలుపేసుకుని నా పని నేను చూసుకునే రకం.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేనెవర్నీ బతిమాలను.

మా అన్నయ్య లెక్కల మాస్టారు. కామెర్లు ముదిరి పోయాడు. వాళ్ళకి పిల్లల్లేరు. తర్వాత ఇంట్లో మిగిలింది నేను, మా వదిన. నాకు పెళ్ళి కాలేదు. అది వేరే గొడవ, ఇక్కడ అక్కర్లేదు.

అన్నయ్య లాప్‌టాప్‌ని వదిన ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. సాయంత్రం వంటయ్యాక తెరుచుకుని కూర్చునేది. తెర మీద చెవిటికల్లు దగ్గర కృష్ణ ఒడ్డున తీసిన ఫోటో ఉంటుంది. అది వదిన పుట్టిన ఊరు. ఆ ఫోటో నిండా అన్నయ్య చిందరవందరగా వదిలేసిన ఫైళ్ళు, స్కూలు ప్రశ్నపత్రాలు, చర్చిలో పాడటానికి తను కట్టుకున్న పాటలు. వదిన ఒక పాట పెట్టుకుని వినేది, మూసేసేది. ఒక్క ఫైలు కూడా పక్కకి జరిపేది కాదు.

ఇంతలో నా లాప్‌టాప్ పాడైంది. సరిగ్గా అప్పుడే కాలేజీలో లినక్స్ చెప్పాల్సి వచ్చింది. లినక్స్ అంటే ఏం లేదు, విండోస్ లాగే కంప్యూటర్ని నడిపించే ఇంకో వ్యవస్థ. అన్నయ్యది అడగడానికి నేను మొహమాటపడుతుంటే వదినే అంది.

"ఇది నువ్వు వాడుకో సునీతా. ఆయన పెట్టింది మాత్రం పెట్టినట్టే ఉండాలి."

ఒకే లాప్‌టాప్‌లో రెండూ పెట్టుకోవచ్చు. విండోస్ ఉన్న చోటుని కొంచెం కుదించి, ఖాళీ అయిన చోట లినక్స్ వేస్తాం. ఒక ఇంటికి మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేసినట్టు. అలా చేశాక, ఆన్ చేయగానే ఒక మెనూ వస్తుంది. అందులో అన్నిటికన్నా పైన లినక్స్, అన్నిటికన్నా కింద విండోస్. మనం ఏమీ నొక్కకపోతే అడుగున సెకన్ల అంకెలు తగ్గుకుంటూ వచ్చి లినక్స్ తెరుచుకుంటుంది. విండోస్ కావాలంటే బాణం గుర్తు నొక్కుతూ కిందికి దిగి ఎంటర్ కొట్టాలి. ఏ మీట తగిలినా సరే, తగ్గుతున్న అంకెలు ఆగిపోతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

అన్నయ్య ఫైళ్ళన్నీ ముందే ఇంకో డిస్కులోకి కాపీ చేసి పెట్టుకుని, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ పని చేశాను. రెండూ చక్కగా పనిచేశాయి.

మా వాళ్ళలో కొత్త బండి కొన్నా, కుట్టుమిషను కొన్నా ప్రార్థన చేయించి నూనె అంటిస్తారు. పాస్టరు గారు ఆ వారం ఇంటికొస్తే, నా చేతికి కొత్తగా వచ్చింది కదా అని మా పెదనాన్న లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. పెదనాన్న చర్చిలో పెద్ద, ఆయన మాటకి మా బంధువుల్లో ఎదురుండదు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, వేలు నూనెలో ముంచి, మూత మీద పెట్టాల్సింది కాస్తా మీటల మీద పెట్టారు. వద్దనేలోపే అయిపోయింది. మంచాయన, ఏమనగలను? వాళ్ళు వెళ్ళాక గుడ్డ పెట్టి తుడుచుకున్నాను.

ఆ తర్వాత కొద్దిరోజులకి మొదలైంది. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, మర్నాటి పాఠం చూసుకుందామని ఆన్ చేసి, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను. మెనూలో అంకెలు తగ్గుతూ తగ్గుతూ మధ్యలో ఆగిపోయాయి. ఏది తెరుచుకోవాలో చూపించే తెల్లపట్టీ లినక్స్ మీంచి ఒక వరుస కిందికి దిగింది. ఆగింది. ఇంకో వరుస దిగింది. అలా విండోస్ దాకా వచ్చి, కాసేపు నిలబడి, తెరుచుకుంది.

పక్కనే మంచం మీద వదిన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కృష్ణ ఒడ్డు కనబడేసరికి "నా కోసం తెరిచావా?" అంది. అవునన్నాను.

నూనె పనే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. ఊళ్ళో రిపేరు షాపులో కీబోర్డు మార్పించాను. పాతది విప్పి చూపించారు, లోపలికి నూనె చుక్క దిగలేదు. కొత్తది వేసినా అదే వరస. సెట్టింగులన్నీ చూశాను. లినక్స్ మొత్తం తీసేసి మళ్ళీ వేశాను. అయినా అంతే. కాలేజీలో మాత్రం ఒక్కసారి కూడా జరగలేదు. విద్యార్థుల ముందు ఎన్నిసార్లు ఆన్ చేసినా బుద్ధిగా లినక్సే వచ్చేది.

నాకు ఒళ్ళు మండింది. భయం కాదు, కోపం. నాకు పాఠం చెప్పే యంత్రమా ఇది?

పరీక్ష పెట్టడం మొదలుపెట్టాను. వదిన పక్కింటికి వెళ్ళినప్పుడు ఆన్ చేస్తే లినక్స్. ఆమె వచ్చి కూర్చున్నాక ఆన్ చేస్తే అంకెలు ఆగేవి, పట్టీ దిగేది. వంటింట్లో పెట్టి చూశాను. వసారాలో పెట్టి చూశాను. ఫోన్లు దూరంగా పెట్టాను, చార్జరు పీకేశాను. ఎక్కడైనా ఒకటే. వదిన ఉంటే విండోస్, లేకపోతే లినక్స్. ఆఖరికి లాప్‌టాప్ విప్పి కీబోర్డు తీగే ఊడదీశాను. ఇక అందులో ఏ మీట నొక్కినా పనిచేయదు. పట్టీ అప్పుడూ దిగింది.

ఇంకోటి చెప్పాలి. అన్నయ్య ఒంటి వేలితో టైపు కొట్టేవాడు. ఒక మీట, కాస్త ఆగడం, ఇంకో మీట. ఎంటర్ నొక్కేముందు వేలు గాల్లో నిలిపి అంతా సరిచూసుకునేవాడు. నేను తెగ వెక్కిరించేదాన్ని. పట్టీ దిగే తీరు అచ్చం అలాగే ఉండేది. ఇది రుజువు కాదని నాకు తెలుసు. చూశాను కాబట్టి చెబుతున్నాను.

కీబోర్డు తీగ ఊడదీసి ఉండగా పట్టీ దిగడం వదిన కళ్ళారా చూసింది. దాచి లాభం లేక అంతా చెప్పాను. భయంతో ఆమెకి నిద్ర కరువైంది, తిండి పోయింది. ఉండబట్టలేక పెదనాన్నకి చెప్పింది. ఆయన వెంటనే వచ్చాడు.

"పోయినోళ్ళు ప్రభువులో నిద్రపోతారమ్మా. తిరిగి రారు. వచ్చేది మనోడు కాదు, మనోడి వేషంలో వేరేది. పాటలు పెన్‌డ్రైవులో ఎక్కించుకుని ఆ విండోస్ చెరిపెయ్."

"చెరపను పెదనాన్నా. దురాత్మకి విండోస్‌తో ఏం పని?"

"నీకు వెటకారం ఎక్కువైంది" అన్నాడు.

అన్నయ్య జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడింది. పోయిన రోజున ఏటా అందర్నీ పిలిచి ప్రార్థన చేయించి భోజనాలు పెడతాం. ఈలోగా చెరపకపోతే తను గడప తొక్కనన్నాడు. ఆయన రాకపోతే మా బంధువులు ఒక్కరూ రారు. ఆ తలవంపులు నాకు కాదు, వదినకి. అన్నయ్య పెట్టింది పెట్టినట్టే ఉండాలని నన్ను అడిగిందీ ఆమే.

"ఆ లాప్‌టాప్ వదినది. ఆమె చెరపమంటే ఇప్పుడే చెరుపుతా. మీరంటే మాత్రం కాదు" అన్నాను.

వదిన లాప్‌టాప్ తెమ్మంది. తెచ్చి ఆమె ముందు పెట్టి ఆన్ చేశాను. కీబోర్డు తీగ ఇంకా ఊడే ఉంది. పెదనాన్న వెనకాల నిలబడి పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు. మెనూ వచ్చింది. అంకెలు ఆగాయి. పట్టీ ఒక్కో వరుసే దిగుతూ విండోస్ మీదికి వచ్చి నిలబడింది.

"ఏమండీ, ఆగండి" అంది వదిన. వీధి కుళాయి కట్టేసి రమ్మని మొగుడికి చెప్పినంత మామూలుగా అంది. "సునీతకి రేపు పాఠం ఉంది. దాని పని దాన్ని చేసుకోనివ్వండి. నాకు కావాలంటే నేనే తెరుచుకుంటా."

పట్టీ అక్కడే ఉండిపోయింది. తర్వాత ఒక వరుస పైకి ఎక్కింది. ఆగింది. ఇంకోటి ఎక్కింది. లినక్స్ మీదికి వచ్చి, కాసేపు నిలబడి, తెరుచుకుంది.

పెదనాన్న మంచం మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు. చెరపమని మళ్ళీ అనలేదు, చెరపొద్దనీ అనలేదు. కూడికకి అందరికన్నా ముందొచ్చి దగ్గరుండి వడ్డించాడు. ఆ విషయం ఎత్తితే ఇప్పటికీ మాట మార్చేస్తాడు.

ఆ రోజు తర్వాత పట్టీ మళ్ళీ కదలలేదు. కీబోర్డు తగిలించి ఎన్నిసార్లు చూసినా లినక్సే. వదిన భయం పోయింది, మనిషి తేరుకుంది. నేను గెలిచినట్టే అనుకున్నాను.

కొన్నాళ్ళకి, అన్నం తింటూ, "మళ్ళీ ఏమన్నా కదిలిందా?" అని అడిగింది.

లేదన్నాను.

ముఖం చిన్నబోయింది. "ఆయనకి నేనంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది సునీతా. నేను చెబితే పట్టించుకునే మనిషి ఆయన" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవలేదు.

ఇది విని చాలామంది చాలా చెప్పారు. కరెంటు తేడా అన్నారు, లోపలి మదర్‌బోర్డు పోయిందన్నారు, భ్రమ అన్నారు. భ్రమ అన్నవాళ్ళని మా పెదనాన్న దగ్గరికి పంపాలనిపిస్తుంది. దయ్యాలు లేవు. అది అన్నయ్యే అని కూడా నేను అనను. కీబోర్డు తీగ ఊడదీశాక కూడా వదిన మాట విన్నది ఎవరో నాకు తెలియదు. తెలియనంత మాత్రాన చెరిపేస్తానా? చెరపను. ఎవరు గడప తొక్కినా, తొక్కకపోయినా సరే.

మెనూలో అంకెలు తగ్గడం మాత్రం తీసేశాను. ఇప్పుడది మనం నొక్కేదాకా ఎంతసేపైనా కదలకుండా ఉంటుంది. సాయంత్రాలు నేను ఆన్ చేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను. వదిన వచ్చి పక్కన కూర్చుంటుంది. ఇద్దరం కాసేపు తెర వంక చూస్తాం. తర్వాత వదినే బాణం నొక్కుతుంది.