పియానోలో టిక్కు

నిన్న చిత్తూరులో నా పనితనం ఎట్ల బయటపడిందో సెప్తా, టీ తాగతా ఇనండి.

మామిడికాయల మండీ మునిరత్నం కూతురు హారిక కోసం గ్రాండ్ పియానో కొన్నాడు గదా, పోయిన నెల దాన్ని ట్యూన్ చేసింది నేనే. నిన్న పొద్దున్నే ఆయప్ప భార్య సుజాతమ్మ ఫోను. "అన్నా, ఒక మెట్టు నొక్కితే టిక్కుమంటా ఉండాది. సాయంత్రం లోపల పాప పరీక్ష వీడియో పంపల్ల. రికార్డింగులో పాట కంటే టిక్కే బాగా ఇనిపిస్తాది!"

తిరపతిలో బస్సెక్కినా. పూతలపట్టు దాటకముందే రోగం కనిపెట్టేసినా! లోపల తీగల్ని కొట్టే సుత్తులుంటాయి, ఒకదాని స్క్రూ లూజయింటాది. అంతే.

పోయి, మెట్లూ సుత్తులూ ఉండే ఆ చట్రాన్ని మొత్తం బయటికి లాగినా. కనబడిన స్క్రూనల్లా బిగించినా. లోపలికి తోసి నొక్కితే, టిక్కు! మళ్లా లాగినా. మెట్ల కింద పరిచే ఫెల్టు గుడ్డ సూసినా, స్ప్రింగు సూసినా. టిక్కు! హారిక గడియారం సూస్తాది, నన్ను సూస్తాది. పాపం, కండ్లనిండా నీళ్లు. నాకు సెమట్లు.

కడాకు ఆ మెట్టునే పైకి పీకినా. కింద ఫెల్టు మీద పచ్చంగా బియ్యపు గింజ! ఎతికితే చట్రం కింద ఇంకొన్ని. అక్షింతలు! నాకు యాడలేని కోపం వచ్చింది. "పియానోలో అక్షింతలేసింది ఎవరమ్మా? తలకాయ ఉండేవాళ్లు చేసే పనేనా ఇది?"

సుజాతమ్మ నిదానంగా, "మీరే గదన్నా" అనింది. "పోయిన నెల పని మొదలుపెట్టే ముందు, వాయిద్యమంటే సరస్వతి అని గుప్పెడు సల్లినారు."

నిజమే. హార్మోనియం విప్పేముందు మా నాయన అట్నే సల్లేవాడు. నాకూ అదే అలవాటు.

గమ్మున గింజలన్నీ ఏరినా. అక్షింతలు కదా, తొక్కకూడదు, చెత్తలో ఎయ్యకూడదు. గుప్పిట్లోనే పెట్టుకున్నా. మెట్టు బిగించి నొక్కితే టిక్కు సప్పుడే లేదు! హారిక మొగం ఎలిగిపోయింది. "థ్యాంక్సు మామా!" అని పియానో పక్కనే వంగి నా కాళ్లకు మొక్కింది. మనకు ఎంత సంతోషమంటే, చెయ్యి దానంతట అదే లేసింది. "ఫస్టు రావల్లమ్మా!"

గుప్పిట ఖాళీ. సగం పాప నెత్తిన, సగం పియానోలో.

హారికే చెయ్యి సాపి ఒక మెట్టు నొక్కింది. టిక్కు! ఈసారి పక్క మెట్టు.

మళ్లా విప్పినా, ఏం చేస్తా! వీడియో టయానికే పోయిందిలెండి. నేను బయల్దేరతా ఉంటే సుజాతమ్మ గేటు దాకా వచ్చింది. "అన్నా, పాప పాసయితే ఫోన్ చేస్తా. ఆశీర్వాదం గూడా ఫోన్లోనే చేసెయ్యండి."