గాలి చొరకుండా అతికించిన గది

మొన్న కొన్న చెప్పుల డబ్బాలో ఒక చిన్న తెల్లని పొట్లం దొరికింది. పైన తినరాదని రాసి, ఊపితే లోపల గింజలు గలగలమనే పొట్లం. మా ఆవిడ చెత్తబుట్టలో వెయ్యబోతుంటే తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గింజల చప్పుడు గుర్తుపట్టాను.

గోదావరిఖని గనుల్లో పనిచేసినవాళ్లకు సర్వే దుర్బిన్ గుర్తుండే ఉంటుంది. మూడు కాళ్ల మీద నిలబడి సొరంగం ఎటు తవ్వాలో చూపించే ఆ యంత్రానికి చెమ్మంటే గిట్టేది కాదు. వానాకాలం వస్తే లోపలి అద్దాలకు ఆవిరి పట్టి, దీపం కూడా మసకగా కనిపించేది. దానికి మా సర్వే సారు ఒక ఉపాయం చేశారు. నైట్రోజన్ సిలిండర్ తెప్పించి, ఆ గ్యాసును ఇలాంటివే నీలం రంగు గింజలున్న సీసాలోంచి పంపి, చుక్క తడి లేకుండా చేసి, రబ్బరు గొట్టంతో దుర్బిన్లలోకి వదలడం. చెమ్మ పీల్చి గులాబీ రంగుకు తిరిగిన గింజలను పెనం మీద వేయించి మళ్లీ నీలం చెయ్యడం నా డ్యూటీ. అక్క భర్త, మా బావ, నలుగురినీ బతిమాలి పెట్టించిన ఉద్యోగం. చేతిలో పని ఉందని ఎంత మురిసిపోయేవాణ్నో!

బొగ్గు దుమ్ము చొరకూడదని ఆ అగ్గిపెట్టెంత గదికి కిటికీ సందులన్నీ మైదా ఉడికించి పాత పేపర్లతో అతికించాను, తలుపు కింద గోనెపట్టా మేకులతో కొట్టాను, తలుపు మూయవలెనని అట్ట రాసి వేలాడదీశాను. సారు చూసి భేష్ అన్నారు. భూమి కింద గ్యాసంటే గడగడలాడే మాకు, భూమి పైన నాలుగు గోడల మధ్య కూడా దానికి భయపడాలన్న ఆలోచనే రాలేదు. పైగా నైట్రోజన్‌కు వాసన లేదు, మంట లేదు, రోజూ పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదేనాయె.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం సిలిండర్ తిప్పి చాయ్‌కి పోయి, మాటల్లో పడి ఆలస్యం చేశాను. తిరిగొచ్చేసరికి, రెండో షిఫ్టుకు దుర్బిన్ తీసుకుపోవడానికి వచ్చిన బావ లోపల స్టూలు మీద కూర్చుని, బల్ల మీద తలవాల్చి తలుపు అద్దంలోంచి కనిపించాడు. అట్ట చదివి, బుద్ధిగా తలుపు మూసుకున్నాడు.

"బావా, అక్క ఇంట్ల పండనిస్తలేదా ఏంది?" అని నవ్వుతూ తలుపు మీద చెయ్యి వేశాను.

వెనక నుంచి ఎవరో కాలర్ పట్టి గుంజారు. గని దీపాలు చూసుకునే లాంప్ రూం చాచా. చేతిలో వెలుగుతున్న గని దీపం.

"అరే, ఆగు! ముందు బత్తి పోవాలె, తర్వాత మనిషి!"

గనిలో చెడుగాలి అనుమానం వస్తే చేసే పని అదే. చాచా తలుపు నెట్టి దీపం లోపలికి చాపాడు. మంట చిన్నబోయి, పుటుక్కున ఆరిపోయింది. అప్పుడు చూశాను, సీసా నుంచి ఊడి నేల మీద పడి ఉన్న రబ్బరు గొట్టం. దేవుడా! పీల్చే గాలిని తోసేసి గ్యాసు గదంతా నిండిపోయింది.

చాచా కిటికీ పగలగొట్టాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి బావను వరండాలోకి ఈడ్చాం. బావ పెదవులు నా సీసాలోని నీలం గింజల రంగులో ఉన్నాయి. అక్కకు అప్పుడు ఏడో నెల. ఆమెకు ఏమని చెప్పాలి, ఏ ముఖంతో చెప్పాలి అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. చాచా నోట్లో నోరు పెట్టి ఊదుతున్నాడు, నేను మోకాళ్ల మీద ఏడుస్తున్నాను. ఎంతసేపటికో బావ కొలిమి తిత్తిలా పెద్ద ఊపిరి తీసి దగ్గాడు.

జనం పోగయ్యేలోపల చాచా ఆ పేపర్లన్నీ చించి, అట్టతో సహా నలిపి జేబులో కుక్కుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు బేటా. రేపటిసంది కిటికీ తీసి పెట్టు," అన్నాడు. అంతే, చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ గని మూతపడింది. చెడుగాలిని పసిగట్టడానికి కూతపెట్టే చిన్న యంత్రాలొచ్చాయి, దీపాల అవసరం తీరింది. చాచా పోయి చాలా ఏళ్లయింది. బావ డెబ్బై దాటి గుండ్రాయిలా ఉన్నాడు. నలుగురు చేరిన చోటల్లా అక్క, "నా తమ్ముడే నా పుస్తె నిలబెట్టిండు," అని చెప్పి మొదటి ముద్ద నాకే పెడుతుంది. నేను తలదించుకుంటాను. వినయమనుకుంటారు అందరూ.

వాళ్లింట్లో ఏసీ గదిలో పక్క వేస్తే, లేచి కిటికీ బెత్తెడు తీస్తాను. "మా తమ్మునికి గాలి లేకుంటే నిద్ర పట్టది," అని అక్క నవ్వుతుంది.