పళ్ళెం చుట్టూ పన్నెండు పేర్లు

నేను చెప్పబోయేదాంట్లో ప్రతి అక్షరం నిజం. తినే అన్నం మీద ఒట్టు, అది చాలకపోతే నా రెండు కళ్ళ మీద ఒట్టు. నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. నవ్వుకోనివ్వండి.

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు మీటింగు డాబా మీద పెట్టారు. పక్కన కొత్తగా లేస్తున్న గోడకి ఎవరో నీళ్ళు కొడుతున్నారు. ఎండకి కాగిన సిమెంటు మీద నీళ్ళు పడితే ఒక వాసన లేస్తుంది. అది ముక్కుకి తగిలేసరికి, "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అని సెక్రటరీ గారు అన్నది నాకు సగమే వినబడింది. మిగతా సగంలో నేను తొంభైల నాటి బహ్రెయిన్‌లో, తుబ్లీ కూలీల క్యాంపులో, మా మాస్టారి ఎదుట కూర్చున్నాను.

ఆయన పేరు నర్సయ్య. నిజామాబాదు వైపు మనిషి. ఒక ప్రైవేటు కాలేజీలో సివిక్స్ చెప్పేవారు. ఆ కాలేజీ మూతబడ్డాక, యాభై దాటిన వయసులో, హమద్ టౌన్‌లో ఇళ్ళు కట్టే కంపెనీకి సిమెంటు ఇటుకలు మోయడానికి వచ్చారు. గదిలో పన్నెండు మందిమి. గోదావరి వాళ్ళం ఏడుగురం, ఆయనతో కలిపి తెలంగాణ వాళ్ళు ఐదుగురు. మేం మాస్టారూ అంటే వాళ్ళు సారూ అనేవాళ్ళు. మా గది ఏసీ ఎంత మోత మోగేదంటే, ముహర్రక్ ఎయిర్‌పోర్టులో దిగబోయే విమానాలు దాన్ని విని, తమకంటే ముందు ఇంకేదో దిగుతోందనుకుని గాల్లో ఇంకో చుట్టు తిరిగి వచ్చేవి.

పన్నెండు మందికీ కలిపి పొయ్యి ఒక్కటే. వారమంతా ఏం వండాలో ప్రతి శుక్రవారం చేతులెత్తి తేల్చుకునేవాళ్ళం. ఏడు చేతులు లేచేవి, చేపల పులుసు ఉడికేది. శనివారం నీసు ముట్టని ఇద్దరు ఆ పూట ఉల్లిపాయ నంజుకుని ఉత్తన్నం తినేవారు. ఇలా కొన్ని నెలలు నడిచాక ఒకరోజు మాస్టారు, "ఈ చేతులు లెక్కపెట్టుడు బందు చేద్దాం" అన్నారు.

"అదేంటండీ మాస్టారూ, ఓటంటేనే అది కదా! ఎక్కువమంది ఏదంటే అదే," అన్నాడు మా ఏడుగురికీ పెద్దలా తిరిగే వీర్రాజు.

"దేశంల నడుస్తది. ఇయ్యాల ఓడినోడు ఐదేండ్లు ఆగి మళ్ళ గెలుస్తడు. మరి మేం ఐదుగురం ఎన్నేండ్లు ఆగితె ఏడుగురం ఐతమో చెప్పు?"

మాస్టారు అప్పుడు పాఠం మొదలుపెట్టారు. ఒక రకం పార్లమెంటులో సగానికి ఒకటి ఎక్కువ తెచ్చుకున్నవాడిదే రాజ్యమంతా. లండన్‌ది ఆ పద్ధతి. పని చకచకా జరుగుతుంది. స్విట్జర్లాండు, బెల్జియం లాంటి చోట్ల తలా ఒక భాష మాట్లాడేవాళ్ళు ఒకే కప్పు కింద బతకాలి కనక, చిన్న గుంపుకి కూడా మంత్రివర్గంలో చోటిస్తారు, అందరూ సరే అనేదాకా మాట్లాడుకుంటారు. "లెక్కల ఓడినోడు యాడికి పోతడు? ఇదే అర్రల మన పక్కనే పంటడు," అన్నారు మా గది చూపిస్తూ.

పులుసు మీద చర్చ తొమ్మిది శుక్రవారాలు సాగింది. దారిన పోతున్న ఒంటె ఒకటి గుమ్మంలో తలపెట్టి రెండు శుక్రవారాలు విని, విసుగొచ్చి వెళ్ళిపోయింది. చివరికి శనివారం చేప మానేయడానికి మేం ఒప్పుకున్నాం, మా చింతపండు పులుపుకి వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ రాత్రి పన్నెండు మందిమీ ఒకే వరసలో కూర్చుని తిన్నాం.

వేసవి ముదిరింది. మిట్టమధ్యాహ్నం పనిలో మాస్టారు ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయారు. ఇంకోసారి పడితే లేవరని మాకందరికీ తెలుసు. పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపి, ఆ గంటలు తెల్లవారుజామున చేస్తామని కఫీల్‌కి, అంటే మమ్మల్ని తెచ్చిన యజమానికి, కాగితం రాశాం. మొదటి సంతకం ఎవరిదైతే వాడి వీసా పోతుందని భయం. మాస్టారు కాగితం మీద పళ్ళెం బోర్లించి గీత గీశారు. పేర్లు దాని చుట్టూ రాస్తే మొదలూ చివరా ఉండవు. పదకొండు పేర్లు పడ్డాయి. ఒకచోట ఖాళీ మిగిలింది. అది మా ఏడుగురిలో సూరిబాబుది. వాడి తమ్ముడికి రావలసిన వీసా ఇంకా కఫీల్ టేబుల్ మీద ఉంది.

"పదకొండు చాలవా మాస్టారూ? వాడికోసం మీరు చస్తారా?" అని వీర్రాజు అరిచాడు.

"కోపమొస్తె కఫీల్ అర్రల అందరి వీసాలు కాన్సల్ చేస్తడు. వద్దన్నోడు గూడ మనతోటె పోవాలె. ఆగుదాం," అన్నారు. తర్వాత సూరిబాబు భుజం మీద చెయ్యి వేశారు. "భయమైతె భయమని చెప్పు, తప్పులేదు. నిన్ను ఓడగొట్టి నేను నీడల కూసోలేను బిడ్డా."

మూడు శుక్రవారాలు ఆగాం. నాలుగోది రాకముందే మాస్టారు ఇటుకల పక్కన పడిపోయారు. మళ్ళీ లేవలేదు. ఆయన శవం ఉన్న పెట్టె విమానం ఎక్కిన మర్నాడు సూరిబాబు ఖాళీలో సంతకం పెట్టాడు. కఫీల్ చదివించుకుని, మా మేస్త్రీ వైపు ఆశ్చర్యంగా చూసి, "బస్, ఇత్‌నా హీ?" అన్నాడు. ఇంతేనా అని. ఆ మధ్యాహ్నం నుంచే పని ఆపించాడు. ఎవరి వీసా పోలేదు. మేం నీడలో కూర్చున్నాం. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

లండన్ పద్ధతిలో అయితే ఆయన బతికేవారు. కానీ ఆయన ఆ పద్ధతి పాటించే మనిషైతే నేను ఈ నాలుగు ముక్కలూ రాసేవాణ్ణి కాదు. రెంటిలో ఏది మేలో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. ఎక్కడైనా చేతులెత్తమంటే మాత్రం లేచిన చేతులు నాకు కనబడవు. ఒళ్ళో ఉండిపోయిన చేతుల వైపే చూస్తాను. మొన్న కూడా మూలన ఒక్కావిడ ఎత్తలేదు. మీటింగు ఆపించి, ఎందుకమ్మా అని అడిగాను. అందరూ విసుక్కున్నారు.

ఒట్టు వేశాను కనక ఇది కూడా చెప్పాలి. విమానాల సంగతీ ఒంటె సంగతీ నా కల్పనేనని మీరెలాగూ పట్టేసి ఉంటారు. చెప్పాల్సింది అవి కాదు. సూరిబాబు అనే మనిషి లేడు. ఆ తమ్ముడు నా తమ్ముడు. మాస్టారు భుజం మీద చెయ్యి వేసి ఆ మాట అన్నది నాతో.