బొట్టు పెట్టిన పిస్టల్

దసరా మర్నాడు శంషాబాద్ విమానాశ్రయానికి బయల్దేరాను. కారు నాకు ఆతిథ్యమిచ్చిన రిటైర్డ్ కల్నల్ గారిది. నడిపేది ఆయన డ్రైవరు, మామిడిపల్లి యాదగిరి. గగన్‌పహాడ్ దాటాక, కళ్లద్దాలు తుడుచుకునే గుడ్డ కోసం డ్యాష్‌బోర్డు అర తెరిచాను. లోపల అరచేతిలో ఇమిడేంత సన్నటి పిస్టల్ ఉంది. దాని మీద పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు.

యాదగిరి కారు వేగం తగ్గించాడు. "మా సారుది. సోవియట్ జమాన్ల పెద్దాఫీసర్ల కోసం చేసిందంట. నిన్న కారుతోని పూజల పెట్టి, తీసుడు మరిచిన్రు."

ఎదురుగా పోలీసు తనిఖీ. తిరిగి పోయే దారి లేదు.

"మీరు ముట్టకుండ్రి సార్, నేనే చెప్త," అని యాదగిరి అద్దం దించాడు. "అన్నా, లోపల పిస్టల్ ఉన్నది. లైసెన్సు మా సారు దగ్గరుంది."

కానిస్టేబుల్ వెంటనే తుపాకీ మా మీదికి తిప్పాడు. ఇద్దరం చేతులెత్తాం. అతను వంగి పువ్వునీ పిస్టల్‌నీ మార్చి మార్చి చూశాడు.

"పూజ మంచిగనే చేసిన్రు. లైసెన్సు తెమ్మను. గప్పటిదాక కారు కదలొద్దు."

కల్నల్ గారు లైసెన్సుతో వచ్చేసరికి నా విమానం వెళ్లిపోయింది. దాని సంగతి ఎప్పుడో మరిచాను. మరవనిది ఒక్కటే: మా మీద గురిపెట్టిన ఆ తుపాకీ గొట్టానికి కూడా దసరా పూజ నాటి కుంకుమ బొట్టు చెరగకుండా ఉంది.