ఊరికే వచ్చిన రెండు డబ్బాలు

మా పక్క రొయ్యల గుంట అన్న బుధవారం పొద్దున పోయాడు. గట్టు మీద టీ తాగుతూ పక్కకు ఒరిగాడట. వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. "సరేమ్మా" అన్నాను.

విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే మా గుంటలు. ఆయనకూ నాకూ మధ్య ఒకటే గట్టు. నాకంటే మూడేళ్లు పెద్ద. రొయ్యల మేతలు, మందులు ఏవి మంచివో, ఏవి కావో ఫోన్‌లో వీడియో తీసి పెట్టేవాడు. తీసేది నేను. ఆయనకు మాటలు వచ్చు, నాకు రావు. ఫోన్ వెనక నిలబడటమే నాకు హాయి. చేయి వణికితే "గుంట ఊగతా ఉంది తమ్ముడా, నువ్వు కదలబాకు" అని నవ్వేవాడు.

మేత తానే కొనేవాడు. తట్టలో వేసి నీళ్లలోకి దించి, రెండు గంటలాగి పైకి లాగేవాడు. రొయ్యలు తినకుండా వదిలేస్తే వదిలేసినట్టే చూపించేవాడు. కంపెనీల వాళ్లు బస్తాలు ఊరికే ఇస్తామని వచ్చేవాళ్లు. "తీసకపోండి. కొన్నోడికే తిట్టే హక్కుంటది" అనేవాడు. దించిన బస్తా మళ్లీ బండెక్కేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. టోపీ ఇచ్చినా వెనక్కే. ఎండలో తలకు తువ్వాలే చుట్టుకునేవాడు.

ఒక్కసారి తప్పాడు. ఒక వేసవిలో నీళ్లు చెడి, ఆయన గుంటలో రొయ్యలు మేత మానేశాయి. మందుల కంపెనీ ఆయన ఒకరు రెండు డబ్బాలు గట్టున పెట్టి, "వీడియో వద్దులే అన్నా, వాడి చూడు చాలు" అన్నాడు. అన్న నా వైపు చూశాడు. వద్దని నేను చెప్పాల్సింది. చెప్పలేదు.

గుంట తేరుకుంది. అన్నే వీడియో తీయమన్నాడు. మందు బాగుందన్నాడు. ఊరికే వచ్చిందని మాత్రం అనలేదు.

అది చూసి తీరంలో ఒక కౌలు రైతు గుంటంతా అదే మందు పోశాడు. మూడోనాటికి రొయ్యలన్నీ చచ్చి తేలాయి. మందు వల్లో, రోగం వల్లో ఎవరికీ తెలియదు. మేమిద్దరం వెళ్లాం.

"అది నాకు ఊరికే ఇచ్చినారబ్బా" అన్నాడు అన్న, తలవంచుకుని.

ఆ రైతు తిట్టలేదు. "ఆ ముక్క అప్పుడే చెప్పుంటే, కొంచెం పోసి చూసుకొనుందును కదన్నా" అన్నాడు.

తిరిగొస్తూ దారిలో అన్న బండి ఆపాడు. "బాగుందనే చెప్పినా. బాగలేకపోయుంటే బాగలేదని చెప్పుందునా? నాకే తెలీడంలా తమ్ముడా."

మర్నాడు ఉన్నదున్నట్టు చెప్పి ఇంకో వీడియో తీయించాడు. పాతది తీసేద్దామంటే ఒప్పుకోలేదు. "ఉండనీ. తీసేస్తే దాచినట్టుంటది" అన్నాడు.

అప్పట్నుంచి ఆయన ఏం చెప్పినా టీ బంకు దగ్గర "ఇదెవరిచ్చినారన్నా?" అని నవ్వేవాళ్లు. కొన్న బిల్లు చూపిస్తే, "బిల్లు గూడా వాళ్లే ఇచ్చుంటారులే" అనేవాళ్లు. ఎప్పుడూ ఊరికే పుచ్చుకుని చెప్పేవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కొన్నాళ్లకు అన్న నన్ను ఫోన్ పట్టుకోమనడం మానేశాడు. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, చెప్పులు విడిచే చోటికి జరిగాడు.

సమాధి దగ్గర అందరూ మంచివాడన్నారు. నేను అక్కడా మాట్లాడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నిన్న ఆ వీడియోలు తెరిచాను. తప్పు ఒప్పుకున్నది చూసినవాళ్లే లేరు. మందు బాగుందన్నదే ఇప్పటికీ తిరుగుతోంది. తీసేద్దామంటే ఆయన ఫోన్ తెరవడం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ వీడియో కింద ఎవరో, "ఈ మందు యాడ దొరుకుద్దన్నా?" అని అడిగి ఉన్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నా ఫోన్‌లో నుంచి రాశాను: "అన్న పోయినాడు. ఆ మందు ఊరికే వచ్చింది. నమ్మి పోయబాకండి."

కాసేపటికి జవాబు వచ్చింది.

"నువ్వు ఏ కంపెనీ వాడివి?"

ఫోన్ పక్కన పెట్టాను. వీడియో ఆగలేదు. మందు బాగుందని అన్న చెబుతూనే ఉన్నాడు.